పాత ఫైటింగ్ గేమ్స్‌లో నా ఓటు పట్టు పట్టేవాళ్లకే

స్ట్రీట్ ఫైటర్, టెక్కెన్, మోర్టల్ కాంబాట్, కింగ్ ఆఫ్ ఫైటర్స్ వీటిలో మీకు బాగా నచ్చింది ఏది, అందులో మీ క్యారెక్టర్ ఎవరు, ఎందుకు అని అడిగారు. ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా ర్యూ, ఇయోరి, స్కార్పియన్, ఎడ్డీ పేర్లే వినిపిస్తాయి. నా జవాబు వేరు. గేమ్ కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97. క్యారెక్టర్ గోరో డైమన్. తెల్లటి జూడో బట్టలు, కాళ్లకు చెక్క చెప్పులు, కొండంత మనిషి. ఆ గేమ్ ఆడినవాళ్లలో కూడా చాలామంది అతన్ని ఒక్కసారి కూడా ఎంచుకోకపోయి ఉండొచ్చు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మాది తెనాలి. 2000 ప్రాంతంలో మా వీధి చివర ఒక వీడియో గేమ్స్ షాపు ఉండేది. మూడు మెషీన్లు. ఒకదాంట్లో మనందరం 'ముస్తఫా' అని పిలుచుకున్న గేమ్. దాని అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. రెండోదాంట్లో స్ట్రీట్ ఫైటర్ 2, మూడోదాంట్లో కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97. రూపాయి బిళ్ళ వేస్తే ఒక ఆట. గెలిచినవాడు అక్కడే ఉంటాడు, ఓడినవాడు తప్పుకుని వెనక నిలబడాలి. జేబులో రెండు రూపాయలే ఉన్న పిల్లాడికి అది ఎంత టెన్షనో ఆడినవాళ్లకే తెలుసు.

అక్కడికి పక్కనే ఉన్న మెకానిక్ షెడ్డులో పనిచేసే అన్న ఒకాయన మధ్యాహ్నం అన్నం తిన్నాక వచ్చేవాడు. చేతులకు గ్రీజు వాసన. ఒకే ఒక్క రూపాయి తెచ్చేవాడు. మేమంతా క్యో, ఇయోరి, టెర్రీ కోసం కొట్టుకుంటుంటే ఆయన మాత్రం క్లార్క్, రాల్ఫ్, డైమన్ అని ముగ్గురిని పెట్టుకునేవాడు. ఆ ఒక్క రూపాయితోనే మమ్మల్ని వరసగా ఓడించి, టైమ్ అయిందని మెషీన్ మాకే వదిలేసి వెళ్లిపోయేవాడు. ఎలా కొడుతున్నావన్నా అని ఒకరోజు అడిగాను. "నువ్వు భయపడి బ్లాక్ పట్టుకుని కూర్చుంటావు రా. బ్లాక్ చేశావంటే నాకు దారి ఇచ్చినట్టే" అన్నాడు.

ఆ మాట నాకు అర్థం కావడానికి కొన్ని నెలలు పట్టింది. ఈ గేములన్నిటికీ కింద ఉన్న సూత్రం రాయి, కాగితం, కత్తెర ఆట లాంటిదే. దెబ్బను బ్లాక్, అంటే చేతులు అడ్డం పెట్టుకోవడం, ఆపుతుంది. బ్లాక్‌ను పట్టు, అంటే ఎదుటివాడిని పట్టుకుని పడేయడం, ఛేదిస్తుంది. పట్టుకు వచ్చేవాడిని దెబ్బ ఆపుతుంది. దూరం నుంచి ఫైర్‌బాల్స్ విసిరేవాడికి ఈ మూడింటితో రోజూ పని పడదు. డైమన్ లాంటి వాడికి మాత్రం ప్రతి అడుగులోనూ ఇదే లెక్క. దగ్గరికి వెళ్లాలి. వెళ్లేదాకా దెబ్బలు తినాలి. వెళ్లాక అవతలివాడు బ్లాక్ చేస్తాడా, ఎగురుతాడా, ఎదురు కొడతాడా అని అర సెకనులో తేల్చుకోవాలి. అంటే మీరు స్క్రీన్ మీది బొమ్మతో ఆడటం మానేసి, పక్కన నిలబడ్డ మనిషితో ఆడటం మొదలుపెడతారు.

డైమన్‌కు జిరైషిన్ అని ఒక దెబ్బ ఉంది. నేలను బలంగా కొడతాడు. నేల అదిరి, నిలబడ్డవాడు ఎంత దూరంలో ఉన్నా కింద పడతాడు. గాల్లో ఉన్నవాడికి ఏమీ కాదు. కాబట్టి డైమన్ ఊపు తీయగానే అందరూ ఎగురుతారు. అయితే అదే కదలికలో ఉత్తుత్తిది కూడా ఒకటి ఉంది. ఊపు తీస్తాడు, నేల అదరదు. ఎదుటివాడు అలవాటుగా ఎగురుతాడు, దిగేసరికి డైమన్ చేతిలో ఉంటాడు. ఒక అబద్ధాన్ని ఇంత అందంగా దెబ్బగా మలిచిన గేమ్ ఇంకొకటి నేను చూడలేదు.

ముగ్గురి టీమ్ అన్నది కూడా ఆ గేమ్‌కు ప్రాణం. ఎస్ఎన్‌కే అనే కంపెనీ 1994లో మొదటి కింగ్ ఆఫ్ ఫైటర్స్ నుంచే ఈ పద్ధతి పెట్టింది. ముందు ఎవరిని పంపాలి, చివరికి ఎవరిని దాచుకోవాలి అన్నది మీరే నిర్ణయించాలి. గెలిచినవాడు కాస్త ప్రాణం తిరిగి పొంది, తర్వాతివాడితో తలపడతాడు. మా షాపులో ఈ వరస చూసే ఎవరు ధైర్యస్తుడో, ఎవరు జాగ్రత్తపరుడో చెప్పేసేవాళ్లం. ఇంకో సంగతి. 97లో చాలా పోరాటాలకు వెనక సంగీతం ఉండదు, జనం కేకలే వినిపిస్తాయి. ఇయోరి లాంటి కొందరికే సొంత పాట మోగుతుంది. షాపు గోలలో మాకు ఇది తెలియనే లేదు. పెద్దయ్యాక ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడినప్పుడు సంగీతం లేని ఆ ఆటకు ఒళ్లు జలదరించింది.

స్ట్రీట్ ఫైటర్ 2ను తక్కువ చేయను. 1991లో క్యాప్‌కామ్ కంపెనీ ఆ గేమ్ తేకపోతే మిగతావేవీ ఈ రూపంలో ఉండేవి కావు. ఎనిమిది మంది ఫైటర్లు, ఆరు బటన్లు, ప్రతివాడికీ వేరే శరీరం, వేరే నడక. దెబ్బ వెనక దెబ్బ గొలుసులా తగిలించే కాంబోలు కూడా అనుకుని పెట్టినవి కావు. తయారీలో కారు పగలగొట్టే బోనస్ ఆటను పరీక్షిస్తుండగా బయటపడితే, అలాగే వదిలేశారు. తర్వాత వచ్చిన ప్రతి ఫైటింగ్ గేమ్ దాని మీదే నిలబడింది.

అందులో నా మనిషి జాంగీఫ్. రష్యా పహిల్వాను, ఎలుగుబంట్లతో కుస్తీ పట్టి ఒంటినిండా గాట్లు తెచ్చుకున్నవాడు. అతని స్పిన్నింగ్ పైల్‌డ్రైవర్ వేయాలంటే జాయ్‌స్టిక్‌ను చుట్టూ ఒక రౌండు తిప్పి పంచ్ నొక్కాలి. తిప్పేటప్పుడు స్టిక్ పైకి కూడా వెళ్తుంది కదా, ఆలస్యమైతే పట్టు పట్టకుండా జాంగీఫే ఎగిరిపోతాడు. ఆ ఒక్క పట్టు వేలికి అలవాటయ్యేదాకా నేను ఎన్ని రూపాయలు పోశానో లెక్కలేదు. ఫైర్‌బాల్ లేదు, వేగం లేదు. మూడు పంచ్ బటన్లూ కలిపి నొక్కితే చేతులు చాపి గిరగిరా తిరుగుతాడు, ఎదుటివాడి ఫైర్‌బాల్ అతన్ని తాకకుండా దాటిపోతుంది. అలా ఒక్కో అడుగూ సంపాదించుకుంటూ వెళ్లాలి. అతని ముగింపు సన్నివేశంలో గోర్బచేవ్‌ను పోలిన నాయకుడు హెలికాప్టర్‌లో వచ్చి అతనితో నృత్యం చేస్తాడు. గేమ్ వచ్చిన ఏడాది చివరికే సోవియట్ యూనియన్ లేకుండా పోయింది. ఆ సన్నివేశం చూసినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది.

చిత్రమేమంటే జాంగీఫ్‌కు మహా కష్టమైన ప్రత్యర్థి మన ధల్సిమే. ఆ ఎనిమిది మందిలో భారతదేశం నుంచి వచ్చినవాడు అతనొక్కడే. ఏనుగులు ఘీంకరించే స్టేజీ, నోట్లోంచి నిప్పు, సాగే చేతులు. కపాలాల దండ వేసి యోగిని అలా చూపించడం నాకు చిన్నప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. కానీ ఆటగా చూస్తే అద్భుతమైన ఆలోచన. స్క్రీన్ సగం దాకా చేయి చాచి, కదిలితే కొట్టి, ఎగిరితే కొట్టి, దగ్గరికే రానివ్వడు. అతన్ని దాటుకుని వెళ్లి ఒక్క పట్టు పట్టగలిగితే ఆ రోజంతా నాకు పండగే.

ఇక టెక్కెన్. ఇది మా బావ పార్టీ. వేసవి సెలవులకు హైదరాబాద్ నుంచి వచ్చి, "ఒరేయ్, ఇంకా ఆ బొమ్మలేనా, టెక్కెన్ 3 చూడు" అని మొదలుపెట్టేవాడు. బావ చెప్పిందాంట్లో నిజం ఉంది. 1997లో మా షాపులో లాంటి మెషీన్లకు, అంటే ఆర్కేడ్‌కు, 1998లో ప్లేస్టేషన్‌కు వచ్చిన టెక్కెన్ 3 కూడా, మొదటి టెక్కెన్ లాగే, నాలుగు బటన్లకు నాలుగు అవయవాలను కట్టింది. ఎడమ చేయి, కుడి చేయి, ఎడమ కాలు, కుడి కాలు. ఇంతకన్నా సులువుగా ఒంటిని బటన్లలో పెట్టడం కుదరదు. అందరికీ పక్కకు తప్పుకునే వీలు కూడా ఇచ్చింది. బావ ఎడ్డీని తీసుకుని కాళ్ల బటన్లు టపటపా నొక్కుతుంటే చూసేవాళ్లకు నోరు తెరుచుకునేది. ఆ కదలికలు ఒక నిజమైన కాపోయిరా (బ్రెజిల్ యుద్ధకళ) గురువు చేసి చూపిస్తే రికార్డు చేసినవి, అందుకే అంత సహజంగా ఉంటాయి.

నేను ఆ గేమ్‌లో కూడా చిరుతలాంటి జాగ్వార్ ముఖం మాస్కు వేసుకున్న కింగ్‌నే తీసుకునేవాణ్ని. టెక్కెన్‌లో పట్టు పడ్డాక కూడా ఆట అయిపోదు. ఎడమ చేతి బటనా, కుడి చేతి బటనా, రెండూ కలిపా, సరైనది రెప్పపాటులో నొక్కితే విడిపించుకోవచ్చు. కింగ్ ఒక పట్టులోంచి ఇంకో పట్టులోకి గొలుసులా వెళ్తాడు. ప్రతి మలుపులోనూ అవతలివాడికి తప్పించుకునే ఆశ ఒకటి ఉంటుంది. ఉడుంపట్టు అంటే అదే.

మోర్టల్ కాంబాట్ అభిమానులు మన్నించాలి. 1992 నాటి మొదటి గేమ్‌లో నిజం మనుషులను వీడియో తీసి పెట్టడం ఆ రోజుల్లో పెద్ద సంచలనం. స్కార్పియన్, సబ్ జీరో రూపకల్పన నాకూ ఇష్టమే. కానీ మొదటి భాగాల్లో మామూలు గుద్దులు, తన్నులు దాదాపు అందరికీ ఒకటే, ప్రత్యేక దెబ్బల్లోనే తేడా. మనిషి మారితే ఆడే తీరు పూర్తిగా మారాలి అన్నది నా కోరిక, అది అక్కడ తీరలేదు.

బావ దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది. పట్టులు, గిట్టులు అని నేను వాదిస్తుంటే, ఫైటింగ్ గేమ్స్‌కు పెద్ద పోటీ అయిన ఈవో టోర్నమెంట్ 2004 నాటి వీడియో తీసి చూపిస్తాడు. గేమ్ స్ట్రీట్ ఫైటర్ 3 థర్డ్ స్ట్రైక్. దైగో ఉమెహారా ఆడుతున్న కెన్‌కు ప్రాణం చుక్కంత మిగిలింది, ప్రత్యేక దెబ్బను బ్లాక్ చేసినా కాస్త ప్రాణం పోతుంది కాబట్టి బ్లాక్ చేసినా చచ్చిపోతాడు. జస్టిన్ వాంగ్ చున్ లీతో పదిహేను తన్నుల సూపర్, అంటే తన దగ్గరున్న అతి పెద్ద దెబ్బ, వదిలాడు. దైగో ఒక్కో తన్ను తగిలే క్షణంలోనే స్టిక్‌ను ముందుకు తాటించి పదిహేనూ తిప్పికొట్టి, ఆ ఊపులోనే గెలిచాడు. చూసిన ప్రతిసారీ గుండె గబగబా కొట్టుకుంటుంది. అయినా నేను బావకు చెప్పేది ఒక్కటే. దైగో గెలిచింది వేళ్ల వేగంతో మాత్రమే అనుకోవద్దు, చున్ లీ సూపర్ ఎప్పుడు వస్తుందో ముందే పసిగట్టాడు. మెకానిక్ అన్న చేసిందీ అదే పని.

మీరు ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టాలనుకుంటే, కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97 లేదా 98 తీసుకోండి. కంప్యూటర్‌తో ఎక్కువ ఆడకండి, అది మనిషిలా భయపడదు. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోండి. ఆయనకు ఇయోరిని ఇచ్చి మీరు క్లార్క్‌తో మొదలుపెట్టండి, డైమన్ కన్నా అతను కొంచెం సులువు.

మొన్న సంక్రాంతికి బావ వచ్చినప్పుడు ఇద్దరం రాత్రి రెండింటి దాకా 97 ఆడాం. పదిహేడు ఆటల్లో తొమ్మిది నావి. చివరి ఆటలో డైమన్‌ను మూడోవాడిగా దాచుకున్నాను. ఊపు తీశాను, బావ ఎగిరాడు, నేల అదరలేదు.