గంజాయి మానాలంటే పిల్లలకి వాట్సాప్‌లో తోటివాళ్ళ సాయం పనికొస్తుందా?

మీ తమ్ముడు ఇంటర్ సెకండియర్ అన్నారు, వాడికీ ఇద్దరు ముగ్గురు స్నేహితులకీ గంజాయి అలవాటైందని, ఇంట్లో నోరు విప్పడు గానీ ఫోన్ వదలడని, అందుకే వాళ్ళందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో పెట్టి ఒకరికొకరు తోడుండేలా చేస్తే మానేస్తారా అని అడిగారు. తోటివాళ్ళ తోడు తప్పకుండా పనిచేస్తుందండి, నేను అలా కోలుకున్నదాన్నే. కానీ దయచేసి గ్రూపు మాత్రం పెట్టకండి.

నాది వేరే సమస్య. విశాఖలో ఇంటర్ చదివేటప్పుడు పరీక్షల టెన్షన్‌తో రాత్రుళ్ళు నిద్ర ఉండేది కాదు, గుండె దడ, అన్నం సయించేది కాదు. ఇంట్లో చెబితే "అందరూ చదవట్లేదా" అనేవాళ్ళు. ట్యూషన్‌లో నాకంటే రెండేళ్ళు పెద్దయిన ఒక అక్క, తనకీ ఇలాగే వచ్చిందని చెప్పి, ఎంత రాత్రైనా సరే మెసేజ్ పెట్టమంది. ఆమె పెద్ద సలహాలేమీ ఇచ్చేది కాదు. "ఇప్పుడెలా ఉంది, ఏమైనా తిన్నావా" అని అడిగేది, నేను వాయిస్ మెసేజ్‌లో ఏడిస్తే ఆఖరిదాకా విని ఒక మాట పెట్టేది. డాక్టర్ దగ్గరికి మొదటిసారి నాతో వచ్చిందీ ఆమే. తర్వాత డిగ్రీలో ఒక కౌన్సెలర్ మేడమ్ దగ్గర నేర్చుకుని మేం కొందరం అదే పని చేశాం, గంజాయి, వైట్నర్ (రాతలో తప్పులు చెరిపే ద్రవం, మత్తు కోసం పీలుస్తారు) అలవాటున్న పిల్లలతో నేను మాట్లాడింది అప్పుడే.

గ్రూపు ఎందుకు వద్దంటున్నానంటే, వాడుతున్నవాళ్ళనే ఒకచోట చేరిస్తే మానడం గురించి రెండు రోజులు మాట్లాడతారు, మూడో రోజు ఒకడు "నిన్న కొట్టా" అని గొప్పగా పెడతాడు, అది చూసి మిగతావాళ్ళకీ మనసు లాగుతుంది, సరుకు ఎక్కడ దొరుకుతుందో కూడా అక్కడే తెలిసిపోతుంది. పైగా మామూలు వాట్సాప్ గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి, ఎవడో ఒకడు స్క్రీన్‌షాట్ తీసి కాలేజీలో తిప్పాడంటే ఆ పిల్లాడు ఇంకెప్పుడూ ఎవరికీ ఏమీ చెప్పడు. మేం అందరికీ పంపాల్సినవి బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌లో పంపేవాళ్ళం, అందులో ఒకరికొకరు కనబడరు. అసలు మాటలన్నీ ఇద్దరి మధ్యే.

కాబట్టి మీరు వెతకాల్సింది ఒక్క మనిషిని. కొంతకాలం క్రితం మానేసి నిలకడగా ఉన్న సీనియరో, బంధువుల అబ్బాయో, వయసులో కాస్తే పెద్ద. పిల్లలకి మనసు లాగేది ఎక్కువగా రాత్రి, అందరూ పడుకున్నాక. ఆ తపన చాలావరకు అరగంటలోపే తగ్గుతుంది, ఆ అరగంట అవతల ఒకరు మాట్లాడుతూ ఉంటే చాలు. మానిన మొదటి వారం చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం గట్టిగా ఉంటాయని ముందే చెప్పగలిగేది కూడా అది అనుభవించినవాడే. మనం చెబితే ఉపన్యాసంలా వినబడుతుంది. మళ్ళీ ఒకసారి తాగాడని తెలిసినా తిట్టకూడదు, "సరే, ఏం జరిగింది" అని అడగాలి.

మీరు మాత్రం ఆ చాట్ చదవొద్దు. మీరు చూశారని తెలిసిన రోజే అది ఆగిపోతుంది. ఒక్క విషయం మాత్రం ఆ అబ్బాయి మీ తమ్ముడికి మొదటి రోజే చెప్పాలి: చనిపోవాలనిపిస్తోందన్న మాట వస్తే అది నా దగ్గర దాచుకోను, పెద్దవాళ్ళకి చెబుతాను అని. అలాంటప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు, ఇది 2022 అక్టోబర్‌లో మొదలైంది. మత్తు అలవాట్లు మానడానికి విడిగా 14446 హెల్ప్‌లైన్ ఉంది.

ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. రోజూ బాగా మద్యం తాగేవాళ్ళూ, నిద్రమాత్రలకి అలవాటు పడ్డవాళ్ళూ ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు. మీ తమ్ముడి స్నేహితుల్లో అలాంటివాళ్ళుంటే ఫోన్‌లో "ఈరోజే మానెయ్" అని ఎవరూ చెప్పొద్దు, డాక్టర్ చూశాకే. తోడుండే అబ్బాయి పని వినడం, సమయానికి ఆసుపత్రి దాకా తీసుకెళ్ళడం, అంతవరకే. వాడికీ చదువుంటుంది, నిద్రుండాలి, ఒక్కడి మీదే వేయకుండా ఇద్దరైతే నయం, వాళ్ళ వెనక ఒక కౌన్సెలర్ కచ్చితంగా ఉండాలి. మా మేడమ్ వారానికోసారి మమ్మల్ని కూర్చోబెట్టి మా బాధలు వినేవారు, అది లేకపోతే మేం ఆ పని చేయగలిగేవాళ్ళం కాదు.

తమ్ముడు రెసిడెన్షియల్ కాలేజీ హాస్టల్లో ఉంటే ఇదంతా కుదరదు, అక్కడ ఫోన్ ఉండదు కదా, అప్పుడు సెలవుల్లోనే.

ఆసుపత్రికి వెళ్తే పోలీసు కేసవుతుందని మా దగ్గరికొచ్చిన తల్లిదండ్రులు చాలా భయపడేవాళ్ళు. చికిత్స కోసం వెళ్ళినందుకు కేసు పెట్టరండి. ఒకవేళ వాడినందుకో, కొద్ది మొత్తం దొరికినందుకో కేసు ఉన్నా, తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకి చేరినవాళ్ళకి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది, చికిత్స మధ్యలో మానేస్తే మాత్రం అది పోవచ్చు. విశాఖలో అయితే చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి, హైదరాబాద్‌లో అయితే ఎర్రగడ్డ. మొదటిసారి ఓపీకి వెళ్ళే రోజు తమ్ముడితో ఆ సీనియర్ అబ్బాయిని కూడా పంపండి, లోపలికి వాళ్ళిద్దరూ వెళ్ళి మీరు బయట కూర్చోవాల్సి వచ్చినా ఏమీ అనుకోకండి.