కింద స్టేజింగ్ యార్డు, పైన వంతెన: ముందుగా తేల్చుకోవలసింది ఎత్తుల లెక్క

నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు ఉన్న గదిలో హెచ్ఓ స్కేలు (అసలు కొలతలో 87వ వంతు) మోడల్ రైలు లేఅవుట్ కడుతున్నారని, ప్రధాన మార్గం కింద ఆరు లైన్ల స్టేజింగ్ యార్డును (తమ వంతు వచ్చేదాకా రైళ్లు ఆగి ఉండే చోటును) దాచి దానికి సరిగ్గా పైన లోయ మీదుగా ఒక వంతెన, గుమ్మానికి అడ్డంగా తీసి పెట్టుకునే వంతెన మరొకటి వేయాలనుకుంటున్నారని, వీటిలో దేనితో మొదలుపెట్టాలో తెలియడం లేదని మీరు రాశారు. ఇంచుమించు ఇదే అమరికను ఇంట్లో కట్టుకుని ఏళ్ల తరబడి నడుపుతున్న అనుభవంతో చెబుతున్నాను: యార్డూ వంతెనా రెండు వేర్వేరు పనులు కావు. రెండూ ఒకే ఎత్తును పంచుకుంటాయి. వంతెనను మోసే దూలం, అంటే గర్డరు, కిందికి ఎంత దిగితే, లోయ ఎంత లోతుగా ఉంటే, కింద నిలిచే రైళ్లకు అంత చోటు తగ్గుతుంది. అందువల్ల రంపం పట్టుకునే ముందు, ఒకే కాగితం మీద గది అడ్డుకోతను గీసి, కింది పట్టా నుంచి పై పట్టా వరకు ప్రతి మిల్లీమీటరూ దేనికి ఖర్చవుతుందో రాసుకోవాలి.

ఆ లెక్కను మీ గదికే వేసి చూద్దాం. హెచ్ఓలో పట్టా పైనుంచి కనీసం 76 మి.మీ. ఖాళీ ఉండాలన్నది చాలామంది పాటించే కొలత; అంటే మూడు అంగుళాలు. రైలు దూరిపోవడానికి అది చాలు, కానీ పడిపోయిన వ్యాగన్‌ను చేత్తో తీయడానికి చాలదు. నిలిచి ఉన్న ఇంజన్ మీదుగా చేయి చాచి వెనుక లైన్లో ఉన్న పెట్టెను పట్టుకోవాలంటే 150 మి.మీ. ఉన్నా ఇబ్బందే, 200 ఉంటే పని జరుగుతుంది. కాబట్టి కింది పట్టాకూ పై పట్టాకూ మధ్య 200 మి.మీ. అనుకుందాం. అందులో యార్డు రైళ్లకు 76, లోయ అడుగు భాగానికి ప్లైవుడ్డూ ప్లాస్టరూ కలిపి సుమారు 16 పోతే, పై పట్టా నుంచి లోయ అడుగు వరకు మిగిలేది 108 మి.మీ. 87 రెట్లు పెంచితే అది నిజ ప్రపంచంలో తొమ్మిది మీటర్లకు కాస్త ఎక్కువ. చిన్న ఏటి మీద వంతెనకు అది చక్కగా సరిపోతుంది, కొండల మధ్య అగాధానికి మాత్రం సరిపోదు. అగాధమే కావాలనుకుంటే లోయను యార్డు లేని గోడ వైపుకు జరపడం తప్ప మార్గం లేదు.

లోయ కింద ఖాళీ 76 మి.మీ. మాత్రమే కాబట్టి అక్కడ చేయి పట్టదు. అందుకే ఆ భాగం కింద పాయింట్లు (రైలును ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే చోట్లు) ఉండకూడదు, పట్టాల జోడింపులు కూడా వీలైనంత వరకు ఉండకూడదు. నేరుగా సాగే ఫ్లెక్స్ ట్రాక్ (కావలసినట్టు వంచుకోగలిగే పొడవాటి పట్టా) మాత్రమే పోవాలి. పట్టాలు తప్పడం ఎక్కువగా పాయింట్ల దగ్గరే జరుగుతుంది గనుక, పాయింట్లు వరుసగా వచ్చే లాడర్‌ను పై భాగం తెరిచి ఉన్న చోటికి, ముందు అంచుకు దగ్గరగా లాక్కోవడం మంచిది.

ఇక ఆ 200 మి.మీ. దిగేది ఎలా? గోడల నుంచి 300 మి.మీ. లోపలికి, 600 మి.మీ. వ్యాసార్ధపు మలుపులతో లైను వేస్తే మీ గది చుట్టూ ఒక పూర్తి చుట్టు సుమారు పదిన్నర మీటర్లే. 2 శాతం వాలులో 200 మి.మీ. దిగడానికి పది మీటర్లు కావాలి. వాలు మొదలయ్యే చోట, ముగిసే చోట క్రమంగా మళ్లించడానికి మరికొంత పొడవు కలిపితే చుట్టంతా దానికే పోతుంది. వాలును 4 శాతానికి పెంచితే పొడవు సగమవుతుంది గానీ, మలుపుల్లో చక్రాల రాపిడి కూడా తోడై ఇంజన్లు జారడం మొదలుపెడతాయి; ఆ దారిని నేను సిఫారసు చేయను. నేను అనుసరించిన పద్ధతి వేరు: యార్డు లైను 2 శాతం వాలులో దిగుతుండగానే పక్కన ప్రధాన మార్గాన్ని 1 శాతం వాలులో ఎక్కించాను. రెండూ కలిసి మీటరుకు 30 మి.మీ. చొప్పున విడిపోతాయి కాబట్టి, 200 మి.మీ. ఎడం రావడానికి ఏడు మీటర్ల లోపే సరిపోయింది. పైగా ప్రధాన మార్గం ఎక్కుతూ పోయి వంతెన దగ్గర అత్యంత ఎత్తుకు చేరడం చూడటానికి సహజంగా ఉంటుంది.

ఈ లెక్కే యార్డు రకాన్ని కూడా తేల్చేస్తుంది. రెండు వైపులా తెరిచి ఉన్న యార్డు నడపడానికి ఎంతో హాయి అని అందరూ చెబుతారు, నిజమే. కానీ దానికి ఒక వైపు దిగే వాలు, మరో వైపు ఎక్కే వాలు కావాలి. ఏడేసి మీటర్ల వాలులు రెండు మీ గదిలో పట్టవు. తిరుగు లూప్ వేద్దామంటే 600 మి.మీ. వ్యాసార్ధానికి వెడల్పే 1.2 మీటర్లు దాటుతుంది, గది మధ్యలో మీరు నిలబడే చోటును అది మింగేస్తుంది. అదీ కాక లూప్‌లో పట్టాలు తమనే ఎదురుగా కలుసుకుని షార్ట్ అవుతాయి గనుక, రైళ్లను డిజిటల్ సంకేతాలతో నడిపే డీసీసీ పద్ధతిలో పట్టాల ధ్రువాలను దానంతటదే మార్చే ఆటో రివర్సర్ కూడా పెట్టాల్సి వస్తుంది. కాబట్టి ఒక చివర మూసిన స్టబ్ యార్డే మీకు తగినది.

స్టబ్ యార్డులో పొడవుల లెక్క పాయింట్ల నంబరు మీద ఆధారపడుతుంది. 6వ నంబరు పాయింటు అంటే, సుమారుగా, ఆరు మిల్లీమీటర్లు ముందుకు పోతే ఒక మిల్లీమీటరు పక్కకు జరిగేది. లైన్ల మధ్య ఎడం 50 మి.మీ. అయితే ఒక్కో లైను విడిపోవడానికి లాడర్ వెంట 300 మి.మీ. ఖర్చవుతుంది, 4వ నంబరుతో 200. ఆరు లైన్లకు ఐదు పాయింట్లు కావాలి కాబట్టి లాడర్ పొడవు 6వ నంబరుతో 1.5 మీటర్లు, 4వ నంబరుతో మీటరు. నాలుగు మీటర్ల గోడ వెంట వాడుకోగలిగేది 3.4 మీటర్లే అనుకుంటే, 6వ నంబరుతో అన్నిటికంటే పొట్టి లైను రెండు మీటర్ల లోపే మిగులుతుంది. పెట్టెల అంచులు పక్క లైనును తాకకుండా ఉండే చోటు నుంచి మాత్రమే లైను పొడవును లెక్కించాలి. పాయింటు మొదటి నుంచి కొలిచేవారు తర్వాత బాధపడతారు. మీ రైళ్లు ఇంజన్‌తో కలిపి రెండు మీటర్లని రాశారు. కాబట్టి పొడవైన రైళ్లను పొడవైన లైన్లకు కేటాయించి, పొట్టి లైన్లో పొట్టి రైలునో విడి ఇంజన్లనో పెట్టండి. 4వ నంబరు పాయింట్ల మీద ఆరు ఇరుసుల ఇంజన్లు, పొడవాటి ప్రయాణికుల పెట్టెలు వెనక్కి నెట్టినప్పుడు మొరాయిస్తాయి గనుక, చోటు కలిసొస్తుంది కదా అని అటు వెళ్లవద్దు.

స్టబ్ యార్డులో రైలును వెనక్కి నెట్టక తప్పదు. రైళ్లు చివరన ఉన్న ఇంజన్ నెడుతుండగా వాలు దిగుతూ యార్డులోకి చేరి, తర్వాత ఇంజన్ ముందుండగా ఎక్కి బయటకు వచ్చేలా నడుపుకుంటే, నెట్టుడంతా దిగువకే జరుగుతుంది, ఎగువకు లాగుడే ఉంటుంది. దీనికి వ్యాగన్ల బరువు ముఖ్యం. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ సిఫారసు ప్రకారం హెచ్ఓ పెట్టె బరువు ఒక ఔన్సుకు తోడు పొడవు ప్రతి అంగుళానికి అర ఔన్సు ఉండాలి. ఆరంగుళాల వ్యాగన్‌కు అది నాలుగు ఔన్సులు, అంటే సుమారు 113 గ్రాములు. తూకం వేసి, తక్కువైన వాటిలో సీసపు బిళ్లలు అతికించండి. ఖాళీ ఫ్లాట్ వ్యాగన్లను ఇంజన్‌కు దగ్గరగా ఉంచాలా దూరంగా ఉంచాలా అని వాదించుకునే బదులు బరువు సరిచేయడం తేలిక.

దాచిన యార్డు కదా అని పాత పట్టాలూ నాసిరకం పాయింట్లూ అక్కడికి పంపించే అలవాటు చాలామందికి ఉంది. ఇది తలకిందుల ఆలోచన. కంటికి కనబడని, చేతికి అందని చోటే అన్నిటికంటే మంచి ట్రాక్ ఉండాలి. ప్రతి పట్టా ముక్కకూ విడిగా కరెంటు తెచ్చే ఫీడర్ తీగ వేయండి, పాయింట్లలో రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే ఫ్రాగ్‌లకు కరెంటు అందేలా చూడండి, పైన ప్లైవుడ్ మూయకముందే మీ వద్ద ఉన్న అత్యంత పొడవైన రైలును నెమ్మదిగా అన్ని లైన్లలోకీ నెట్టి చూడండి. రైలు ఎక్కడుందో తెలియడానికి ప్రతి లైను చివర అడ్డుకట్టకు కొద్దిగా ముందు ఒక ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్, లైను మొదట్లో పక్క లైను నుంచి తగినంత ఎడం వచ్చే చోట మరొకటి చాలు. రైలు వాడుకునే కరెంటును బట్టి దాన్ని గుర్తించే డిటెక్టర్లు పెట్టదలచుకుంటే ఇంజన్ లేని వ్యాగన్లు వాటికి కనబడవు. ఇరుసు మీద 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ అతికించిన చక్రాలు ఒక్కో రైలు చివరి వ్యాగన్‌కైనా వేయాల్సి ఉంటుంది.

వంతెన విషయానికి వద్దాం. పట్టా కింద 108 మి.మీ. ఉన్నప్పుడు డెక్ గర్డర్ పెట్టవచ్చు, అంటే గర్డరు పైన రైలు పోయేది. ఉక్కు పలకలతో చేసిన ప్లేట్ గర్డరు లోతు పొడవులో పదో వంతు, పన్నెండో వంతు మధ్య ఉండటం నిజ వంతెనల్లో మామూలు. ముప్పై మీటర్ల గర్డరు హెచ్ఓలో 345 మి.మీ., దాని లోతు 29 నుంచి 35 మి.మీ. స్లీపర్లు పోగా అడుగున 70 మి.మీ. ఖాళీ ఉంటుంది, చూడముచ్చటగానే ఉంటుంది. లోయ ఇంకా తక్కువ లోతైతే రైలు గర్డర్ల మధ్యగా పోయే త్రూ గర్డరు ఎంచుకోవాలి, అప్పుడు పట్టా కింద తెగేది పది పదిహేను మిల్లీమీటర్లే.

మీ గీతలో వంతెన మలుపులో ఉన్నట్టుంది. ఇక్కడ జాగ్రత్త అవసరం. నిజ రైలు వంతెనల్లో సాధారణంగా గర్డర్లను మలుపు తిప్పరు. తిన్నని గర్డర్లను వరుసగా కోణాల్లో పేర్చి, పైన పట్టాను మాత్రం వంపు తిప్పుతారు. 600 మి.మీ. వ్యాసార్ధంలో 345 మి.మీ. గర్డరు ఒక్కటే పెడితే మధ్యలో పట్టా గర్డరు నడిమి గీత నుంచి 25 మి.మీ. పక్కకు జరిగిపోతుంది, అంటే పట్టాలు రెండూ గర్డరు అంచు దాటి గాలిలో ఉన్నట్టే. దాన్నే మూడు ముక్కలు చేసి 115 మి.మీ. గర్డర్లు వేస్తే ఆ తేడా మూడు మిల్లీమీటర్లకు తగ్గుతుంది, మధ్యలో రెండు స్తంభాలు వస్తాయి, అవే అందం కూడా. ట్రస్ వంతెన (కమ్మీలను త్రికోణాలుగా కూర్చి కట్టేది) మాత్రం మలుపులో వద్దు. పొడవైన పెట్టె మూల దాని ద్వారాన్ని గీరుకుంటుంది.

ట్రస్ కిట్ బిగించేటప్పుడు ఏటవాలు కమ్మీల దిశ గమనించండి. 1844లో పేటెంట్ పొందిన ప్రాట్ ట్రస్‌లో అవి వంతెన మధ్యవైపుకు కిందికి వాలుతాయి, లాగుడు బలాన్ని మోస్తాయి, అందుకే సన్నగా ఉంటాయి. 1840 నాటి హౌ ట్రస్‌లో వాలు దీనికి వ్యతిరేకం, ఏటవాలు దూలాలు నొక్కుడు బలాన్ని మోస్తాయి కాబట్టి లావుగా ఉంటాయి. సన్నని కమ్మీలను తలకిందులుగా అతికించిన వంతెన రైల్వే తెలిసినవారి కంటికి వెంటనే తగులుతుంది. ఇంకా మూడు చిన్న విషయాలు: వంతెన మీద స్లీపర్లు మామూలు కన్నా దగ్గరగా ఉంటాయి, రెండు పట్టాల లోపల, పట్టా తప్పిన బండి పక్కకు పోకుండా ఆపే గార్డ్ పట్టాలు ఉంటాయి, గర్డరు ఒక చివర స్థిరంగా, రెండో చివర జరిగేలా బేరింగుల మీద కూర్చుంటుంది. ఈ మూడూ చూపిస్తే రంగు సాదాగా ఉన్నా వంతెన నమ్మదగ్గదిగా కనిపిస్తుంది.

గుమ్మం దగ్గర వంతెనను మడతబందుల మీద తిప్పేదిగా కాక పూర్తిగా ఎత్తి పక్కన పెట్టేదిగా చేయండి. తక్కువ భాగాలతో నిలకడగా ఉంటుంది. పట్టాను మొదట ఇటు నుంచి అటు ఏకంగా పరచి, కోత పడే చోటుకు రెండు వైపులా పట్టాలను రాగి పూత ఉన్న సర్క్యూట్ బోర్డు స్లీపర్లకు సోల్డర్ చేసి, ఆ స్లీపర్లను అడుగు ప్లైవుడ్‌కు స్క్రూలతో బిగించిన తర్వాతే సన్నని డిస్కుతో కోయాలి. సరిగ్గా కూర్చోవడానికి ఇత్తడి పిన్నులు వాడండి. నికెల్ సిల్వర్ పట్టా ఇరవై డిగ్రీల వేడి తేడాకు మూడు మీటర్లకు సుమారు ఒక మిల్లీమీటరు సాగుతుంది. చెక్క తేమకు అంతకంటే ఎక్కువే కదలవచ్చు. కాబట్టి ప్లైవుడ్‌కు అన్ని వైపులా, కోసిన అంచులకు కూడా వార్నిష్ పూయడం తప్పనిసరి.

వంతెన తీసినప్పుడు రైలు నేల మీద పడకుండా, రెండు వైపులా మీటరు పొడవు పట్టాకు కరెంటు వంతెన ప్లగ్ గుండానే వచ్చేలా వైరింగ్ చేయండి. ప్లగ్ ఊడితే ఆ పట్టాలు నిర్జీవమవుతాయి. అయితే ఇప్పటి కొన్ని ఇంజన్లలో కాస్త కరెంటును నిల్వ ఉంచుకునే కీప్ అలైవ్ కెపాసిటర్లు ఉంటున్నాయి, అవి కరెంటు లేని పట్టాను కూడా దాటేస్తాయి. అందుకని వంతెన ఎత్తగానే దానంతటదే పైకి లేచి పట్టాకు అడ్డుపడే చిన్న చెక్క ముక్కను రెండు చివర్లా ఏర్పాటు చేసుకోవాలి.

ఇక పని వరుస. ముందు యార్డు, పరీక్షలు. ఆ తర్వాత వాలు. ఆ తర్వాత పై అంతస్తు. లోయ వచ్చే చోట కూడా మొదట పట్టాను ప్లైవుడ్ మీదనే ఏకధాటిగా వేసి, కొన్నాళ్లు రైళ్లు నడపండి. వంపు, ఎత్తు కుదిరాయని తేలాక ఆ ప్లైవుడ్‌ను అడుగు నుంచి కోసి తీసి, కొలత ప్రకారం బల్ల మీద కట్టిన వంతెనను దాని స్థానంలోకి చొప్పించవచ్చు. లోయ అడుగు భాగాన్ని మాత్రం అతికించకుండా రెండు స్క్రూలతో బిగించి వదలండి, యార్డులో ఏదైనా ఇరుక్కుంటే అది విప్పి చేయి పెట్టవచ్చు.