ఆ స్టాంపు పేపరు మీద సంతకం పెట్టనివ్వకండి

ప్రశ్న: మావారు బాలానగర్‌లో ఒక మెషిన్ షాపులో తొమ్మిదేళ్లు రాగి-బెరీలియం ముక్కలు గ్రైండింగ్ చేశారు. దగ్గు, ఆయాసం వస్తే ముందు టీబీ అని మందులు వాడించారు, తర్వాత బయాప్సీ చేసి సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తుల్లో చిన్న కణుపులు కట్టే జబ్బు) అన్నారు. 2024 సెప్టెంబర్ నుంచి పనికి వెళ్లలేదు, అప్పటికి వయసు 40. ఓనర్ చాలా మంచివారు, మూడు లక్షలు ఇస్తామంటున్నారు. "2021లోనే నా ఇష్టంతో మానేశాను, అప్పటికే ఆయాసం ఉంది, ఇక ఏ క్లెయిమూ లేదు" అన్న పేపరు మీద సంతకం పెట్టాలట. పాత స్కాన్ ఫిల్ములు, జీతం స్లిప్పులు ఇల్లు మారినప్పుడు పారేశాం. ఆయన బట్టలు నేనే ఉతికేదాన్ని, ఇప్పుడు ఇద్దరు పిల్లలతో ఇల్లు గడవడం లేదు. డబ్బు తీసుకోమంటారా?
– ఒక సోదరి, కుత్బుల్లాపూర్

జవాబు: ఓనర్ మంచివారా కాదా అన్నది ఈ కేసుకు అక్కర్లేదమ్మా. బెరీలియం అనే లోహం దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది, మీవారి ఆయాసం దానివల్లే కావచ్చు. ఆ పేపర్లో 2021 అని ఎందుకు రాశారో అది చూడండి.

"ఏ క్లెయిమూ లేదు" అన్న మాటకు భయపడనక్కర్లేదు, ఉద్యోగుల పరిహార చట్టం 17వ సెక్షన్ ప్రకారం పరిహార హక్కును వదులుకునే ఒప్పందం చెల్లదు. కానీ 2021లో మానేశానని, అప్పటికే ఆయాసం ఉందని మీవారే ఒప్పుకున్న మాట మాత్రం రేపు ఆయన మీదే సాక్ష్యంగా వస్తుంది. క్లెయిమ్‌కు గడువు రెండేళ్లు. వృత్తి రోగాలకు ఆ రెండేళ్లూ రోగం వల్ల పనికి వెళ్లలేకపోయిన మొదటి రోజు నుంచి లెక్క, అంటే మీకు 2026 సెప్టెంబర్ దాకా. ఆ ఒక్క సంతకంతో అది 2023లోనే ముగిసిపోయినట్టవుతుంది. ఆలస్యాన్ని మన్నించే అధికారం ఈ క్లెయిములు విచారించే పరిహార కమిషనర్‌కు ఉంది, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

2025 నవంబర్ 21 నుంచి ఈ పరిహార చట్టం స్థానంలో కొత్త సామాజిక భద్రత కోడ్ వచ్చినా మీ హక్కు అంతకు ముందే పుట్టింది కాబట్టి 1923 నాటి ఈ పాత చట్టం ప్రకారమే వెళ్లాలి. ఆ పాత చట్టం మూడో షెడ్యూల్లో, అంటే పని వల్ల వచ్చే రోగాల జాబితాలో, బెరీలియం రోగాలు ఉన్నాయి. అలాంటి పనిలో ఆరు నెలలు ఏకధాటిగా చేసి ఆ రోగం వస్తే అది పని వల్లే వచ్చిందని చట్టం అనుకుంటుంది, కాదని నిరూపించాల్సింది యజమాని.

చిక్కంతా ఇక్కడే ఉంది. డాక్టర్లెవరూ బెరీలియం అన్న మాట అన్నట్టు మీ ఉత్తరంలో లేదు. బయాప్సీలో బెరీలియం రోగమూ సార్కాయిడోసిస్ ఒకేలా కనిపిస్తాయి, ఏం పని చేసేవారో డాక్టర్‌కు చెప్పకపోతే ఆయనకు అనుమానం రాదు. ఊపిరితిత్తుల నిపుణుడి దగ్గరకు వెళ్లి తొమ్మిదేళ్ల పని వివరం కేసు షీట్లో రాయించండి, బెరీలియానికి లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) స్పందిస్తున్నాయా అని చూసే రక్త పరీక్ష గురించి అడగండి. అది మన దగ్గర తేలిగ్గా దొరకదు, అయినా అడిగినట్టు రికార్డులో ఉండాలి.

తొమ్మిదేళ్ల కాగితాలు పారేయడం ఏమిటమ్మా, కేసు నిలబడేదే వాటి మీద కదా! సరే, ఆసుపత్రికి రాతపూర్వకంగా అర్జీ పెట్టి రిపోర్టులు, బయాప్సీ స్లైడ్లు, బ్లాకు (మైనంలో భద్రపరిచిన బయాప్సీ ముక్క) ఈ వారమే అడగండి. పీఎఫ్ పాస్‌బుక్కు, బ్యాంకులో జీతం పడిన ఎంట్రీలు ఆయన 2024 దాకా పనిలో ఉన్నారని చెబుతాయి. లోహం కొన్న బిల్లులు యజమాని దగ్గరే ఉంటాయి, వాటిని తెప్పించమని కమిషనర్‌ను కోరవచ్చు. జీతంలో ఈఎస్ఐ కోత ఉండేదేమో చూడండి, ఉంటే క్లెయిమ్ ఈఎస్ఐలోనే వేయాలి, కమిషనర్ దగ్గర కుదరదు.

ఇక డబ్బు సంగతి. పూర్తి శాశ్వత వైకల్యం అని తేలితే చట్టం లెక్కలోకి తీసుకునే నెల జీతం పరిమితి 15,000 రూపాయల్లో 60 శాతాన్ని నలభై ఏళ్ల వయసుకున్న 184.17 గుణకంతో హెచ్చించాలి, దాదాపు 16 లక్షల 57 వేలు. పాక్షికమైతే సంపాదించే శక్తి ఎంత శాతం పోయిందో అంత వస్తుంది. నెలలోగా చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆపితే 50 శాతం దాకా పెనాల్టీ కూడా పడవచ్చు. నిజంగా రాజీ కావాలంటే ఉన్న తేదీలు ఉన్నట్టే రాసి కమిషనర్ దగ్గర రిజిస్టర్ చేయించుకోండి. ముందు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి, తర్వాత మీరు ఉండే ప్రాంతపు కమిషనర్ దగ్గరే క్లెయిమ్ వేయవచ్చు.

ఆ బట్టలు మీరే ఉతికేవారని రాశారు. ఆ దుమ్ము ఇంటికి వచ్చి కుటుంబంలో వాళ్లకు రోగం తెచ్చిన సందర్భాలున్నాయి, అదీ ఏళ్ల తర్వాత బయటపడుతుంది. మీరూ ఛాతీ పరీక్ష చేయించుకోండి. ఆ షాపులో ఇంకా పనిచేస్తున్నవాళ్లకు మీవారి చేత ఫోన్ చేయించి, పొడి గ్రైండింగ్ ఆపమని, గాలి గొట్టంతో దుమ్ము ఊదొద్దని, దుమ్ము లాగే ఎగ్జాస్ట్ పెట్టించుకోమని, పని బట్టలు అక్కడే విడిచి రమ్మని చెప్పించండి. సాక్ష్యానికి వచ్చేవారెవరో అప్పుడే అడగండి.