గాయాలపై పరిశోధన చేసే సర్జన్లకు ఏ శిక్షణ కావాలి?

నల్లగొండలో ఎం.ఎస్. సర్జరీ చదివేవారు ప్రమాద గాయాలపై పరిశోధకులు కావడానికి పీజీ థీసిస్ చాలునా అన్నది ప్రశ్న. నా అభిప్రాయంలో చాలదు. అమెరికాలో టీ-32 అనే ప్రభుత్వ శిక్షణ గ్రాంటు కింద సర్జరీ రెసిడెంట్లు (శిక్షణలో ఉన్న సర్జన్లు) సాధారణంగా రెండేళ్లు ఆపరేషన్ థియేటర్‌కు దూరంగా ఉండి, తీవ్ర రక్తస్రావం తర్వాత రోగనిరోధక వ్యవస్థ ఎందుకు అదుపు తప్పుతుందో, అవయవాలు ఒకదాని వెంట ఒకటి ఎందుకు విఫలమవుతాయో ప్రయోగశాలలో పరిశీలిస్తూ, గణాంక పద్ధతులను కూడా నేర్చుకుంటారు. మన పీజీలకు తప్పనిసరి చేసిన పరిశోధనా పద్ధతుల ఆన్‌లైన్ కోర్సు పునాది మాత్రమే.

అయితే ప్రయోగశాల లేదని ఆగనక్కరలేదు. భారత్ సహా 40 దేశాల్లో 20 వేలకు పైగా క్షతగాత్రులపై జరిగి 2010లో వెలువడిన క్రాష్-2 అధ్యయనంలో, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆసిడ్ అనే చవకైన మందు మరణాలను 16 నుంచి 14.5 శాతానికి తగ్గించింది. తర్వాతి విశ్లేషణలో, గాయమైన 3 గంటల లోపు ఇస్తేనే మేలని తేలింది. 65వ జాతీయ రహదారిపై చౌటుప్పల్, నకిరేకల్ దగ్గర గాయపడినవారికి ఆ మందు ఎన్ని నిమిషాల్లో అందుతోందో తెలియాలంటే, ముందుగా ప్రమాద సమయాన్నీ ఇంజెక్షన్ సమయాన్నీ కేస్‌షీటులో విడివిడిగా, కచ్చితంగా రాయడం అలవాటు కావాలి.