బ్యాష్ ఉన్నా లేదంటోందా? లైన్ చివర చూడండి

విండోస్‌లో రాసిన బ్యాకప్ స్క్రిప్ట్‌ని లినక్స్ సర్వర్‌లో పెడితే, స్క్రిప్ట్‌లు నడిపించే ప్రోగ్రామ్ బ్యాష్ అక్కడే ఉన్నా 'అలాంటి ఫైల్ లేదు' అంటోందని అడిగారు. స్క్రిప్ట్‌లో తప్పు వెతుక్కోకండి. ఎర్రర్‌లో బ్యాష్ పేరు పక్కన టోపీ గుర్తు, ఎమ్ అక్షరం ఉన్నాయేమో చూడండి. ఉంటే దొంగ దొరికినట్టే.

టైపు మిషన్ మీద లోయర్ పాసైనవాళ్లకి ఇది చప్పున అర్థమవుతుంది. లైన్ అయిపోయాక లివర్ తోస్తే క్యారేజ్ మొదటికొచ్చేది, కాగితం ఒక లైన్ పైకి జరిగేది. విండోస్ ఇప్పటికీ ఆ రెండు పనులకీ రెండు కోడ్‌లు రాస్తుంది: 13, 10. లినక్స్‌కి, ఇప్పటి మ్యాక్‌కి 10 ఒక్కటే చాలు. స్క్రిప్ట్ మొదటి లైన్‌లో ఉండే బ్యాష్ పేరు చివర మిగిలిపోయిన 13ని (ఎర్రర్‌లో టోపీ, ఎమ్‌గా కనిపించేది ఇదే) లినక్స్ ఆ పేరులో భాగమే అనుకుంటుంది. ఆ పేరుతో ప్రోగ్రామ్ ఎక్కడుంటుంది పాపం!

నేనైతే ఇంకో అడుగు ముందుకేసి మరీ గోతిలో పడ్డాను. ఫైల్‌ని నేరుగా బ్యాష్‌కే ఇచ్చి నడిపించాను. నడిచింది, ఫోల్డర్ కూడా తయారైంది. తీరా లోపలికెళ్దామంటే అలాంటి ఫోల్డరే లేదంది! లిస్ట్ తీస్తే కళ్లెదుటే ఉంది, కాకపోతే పేరు చివర ఒక ప్రశ్నార్థకం. అది ఆ 13. అర్ధరాత్రి రెండు గంటలు పర్మిషన్లు మారుస్తూ కూర్చున్నాను.

మందు చిన్నదే. సర్వర్‌లో ఈ 13లని తీసేసే డాస్2యునిక్స్ అనే ప్రోగ్రామ్ ఉంటే ఫైల్ పేరు ఇచ్చి కొట్టండి. లేకపోతే విఎస్ కోడ్ ఎడిటర్‌లో ఫైల్ తెరిచి, కింద కుడివైపు సీఆర్‌ఎల్‌ఎఫ్ (అంటే 13, 10) అన్నచోట నొక్కి ఎల్‌ఎఫ్‌కి (10 ఒక్కటే) మార్చి సేవ్ చేసి, మళ్లీ ఎక్కించండి. ఫైళ్లు గిట్‌లో (ఫైళ్ల మార్పుల లెక్క రాసుకునే ప్రోగ్రామ్) ఉంటే మాత్రం మళ్లీ మొదటికే రావచ్చు. విండోస్ గిట్ సెట్టింగ్‌ని బట్టి, ఫైళ్లు దించుకునేటప్పుడు అదే 13 కలిపేస్తుంది. గిట్‌ఆట్రిబ్యూట్స్ ఫైల్‌లో షెల్ స్క్రిప్ట్‌లకి ఎల్‌ఎఫ్ అని ఒక్క లైన్ రాసి పెట్టండి, టీమ్ అందరికీ పీడ విరగడవుతుంది.

తెలుగు ఫైళ్లుంటే ఒక జాగ్రత్త. అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతుల్లో ఒకటైన యూటీఎఫ్-16లో 'ఊ' అక్షరంలోనూ 10 అనే బైట్ ఉంటుంది. ఒకసారి అలాంటి ఫైల్‌ని లినక్స్ నుంచి విండోస్‌కి, లైన్ చివరల్ని తనే మార్చేసే ఎఫ్‌టీపీ ఆస్కీ మోడ్‌లో దించాను. అది లైన్ చివరే కాకుండా ప్రతి 'ఊ' దగ్గరా 13 దూర్చింది, ఫైలంతా పిచ్చిగీతలు! ముందు యూటీఎఫ్-8లో సేవ్ చేసుకుని, ఆ తర్వాతే లైన్ల జోలికి వెళ్లండి.