డిజిటల్ బొమ్మను కలరింగ్ పేజీగా మార్చడం ఎలా?

ట్యాబ్‌లో రంగులతో సహా పూర్తి చేసిన బొమ్మను పెద్దల కలరింగ్ పేజీగా మార్చాలంటే ఏం చేయాలన్నది ప్రశ్న. గీతల లేయర్ (బొమ్మలో ఒకదానిపై ఒకటి పేర్చే పొర) విడిగా ఉంటే పని సులువే. రంగుల లేయర్లు ఆపేసి, తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద గీతల్ని సేవ్ చేసుకోండి.

అన్నీ ఒకే లేయర్‌లో కలిసిపోతే ఫిల్టర్ దారి ఉంది. బొమ్మను బ్లాక్ అండ్ వైట్ చేసి, కాపీ తీసి, ఆ కాపీని ఇన్వర్ట్ చేసి (నలుపు తెలుపులు తారుమారు చేసి), కింది లేయర్‌ను తెల్లబరిచే కలర్ డాడ్జ్ మోడ్‌లో పెట్టి, కొద్దిగా గాసియన్ బ్లర్ (మసకబార్చే ఫిల్టర్) ఇస్తే గీతలు తేలతాయి. కానీ నీడలున్న చోట మరకలు మిగులుతాయి, గీతలు తెగిపోతాయి. అందుకే నా సలహా, బొమ్మ ఒపాసిటీ (కనిపించే గాఢత) 30 శాతానికి తగ్గించి, పైన కొత్త లేయర్‌లో చేత్తో మళ్ళీ గీయండి. క్రిటా అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, దీనికి చక్కగా సరిపోతుంది.

గీసేటప్పుడు శ్రీకాళహస్తి కలంకారీని గుర్తు చేసుకోండి. బెల్లం, ఇనుప ముక్కలు నానబెట్టిన నల్లటి ద్రవంతో ముందు గీతలు, ఆ తర్వాతే రంగులు. నీడ వేయాలనిపించిన చోట ఆకు ఈనెలు గానీ, చీర అంచు చుక్కలు గానీ గీయండి. నీడ పని రంగులు వేసేవాళ్ళకే వదిలేయాలి, వాళ్ళ ఆనందం అక్కడే ఉంది! పెన్సిల్ మొన పట్టనంత చిన్న గళ్ళు మాత్రం వద్దు.

ఏ4 కాగితానికి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), అంటే 2480 × 3508 పిక్సెళ్ళు. మందపాటి కాగితం మీద ఒకవైపే ప్రింట్ తీయండి. స్కెచ్ పెన్నులు వాడేవాళ్ళకు లేజర్ ప్రింట్ మేలు, ఇంక్‌జెట్ గీతలు తడికి అలుక్కుపోవచ్చు.