పాత పోలో జీటీ కొనవచ్చా?

ప్రశ్న: 2015 నాటి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ ఒకటి అమ్మకానికి ఉంది. 70 వేల కిలోమీటర్లు తిరిగింది. గేర్‌బాక్స్‌తో జాగ్రత్త అని అందరూ భయపెడుతున్నారు. తీసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆ భయం ఉత్తిది కాదు. ఇందులోని ఏడు గేర్ల డీఎస్‌జీలో (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) రెండు క్లచ్‌లూ పొడివి, ఆయిల్‌లో మునిగి ఉండవు. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకిస్తే వేడెక్కి త్వరగా అరుగుతాయి. అందుకే రాత్రంతా ఆగి చల్లబడిన బండినే నడిపి చూడండి. బ్రేకు వదిలి మెల్లగా కదిలించినప్పుడు, ఒకటి నుంచి రెండో గేరుకు మారేటప్పుడు వణికితే క్లచ్ పని పడినట్టే. డాష్‌బోర్డు మీద గేరు గుర్తు మిణుకుమిణుకుమంటున్నా, సరి గేర్లో బేసి గేర్లో పడకపోయినా గేర్లను, క్లచ్‌లను నడిపించే మెకాట్రానిక్ యూనిట్‌ను అనుమానించాలి. ఖర్చంతా అక్కడే. అడ్వాన్సు ఇచ్చేముందే స్కానర్ పెట్టించి గేర్‌బాక్స్ ఎర్రర్ కోడ్‌లు చూడండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రివర్సులో చిన్న ఎత్తు ఎక్కించి చూడటం కూడా మరవద్దు.

కొన్నాక ఎత్తులో యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకండి, బ్రేకు నొక్కండి. ముందు బండి రెండు బారలు కదిలాకే మీరు కదలండి. ఇంజిన్ ఆయిల్ 10 వేల కిలోమీటర్లకోసారి మారిస్తే టర్బోకు మేలు. ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచే రీమ్యాప్ జోలికి మాత్రం వెళ్లొద్దు, క్లచ్‌లకు అదనపు భారం.

అయితే 1.2 లీటర్ల ఇంజినే అయినా 105 హార్స్‌పవర్, 175 ఎన్ఎం టార్క్! హైవే మీద లారీని దాటేటప్పుడు ఆ ఊపు తెలుస్తుంది.